ఎర్ర లైను ఏది, పచ్చ లైను ఏది?

కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసే కిటికీకి ఒక అలవాటు ఉంది. మనం టైపు చేస్తూ పోతుంటే అది మనల్ని అడక్కుండానే అక్షరాలకి రంగులు వేసేస్తుంది. తెలుగు పీరియడ్‌లో మాస్టారు కర్త కింద ఒక గీత, కర్మ కింద రెండు గీతలు గీసి, క్రియకి సున్నా చుట్టమంటారు కదా, ఇది అలాంటిదే. ఏ మాట కంప్యూటర్‌కి ఆజ్ఞ, ఏ మాట మనం కోట్స్‌లో పెట్టి దానికి అప్పజెప్పిన సరుకు, ఏ మాట కేవలం మనం గుర్తుకోసం రాసుకున్నది, అన్నీ రంగుల్ని బట్టి తెలుస్తాయి. దీన్ని సింటాక్స్ హైలైటింగ్ అంటారు. చదివే అమ్మానాన్నల కోసం ఈ మాట ముందే చెప్పేశాను, ఎందుకంటే ఈ వ్యాసం మొత్తం ఆ రంగుల గురించే.

మా బడిలో పైథాన్ నేర్పిస్తున్నారు. పైథాన్‌ని తయారుచేసినాయన గీడో వాన్ రోసమ్, నెదర్లాండ్స్ దేశస్థుడు. 1991లో అది మొదటిసారి బయటికొచ్చింది. పేరు పాము పేరులా ఉన్నా అది పాము మీద పెట్టింది కాదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం మీద పెట్టింది. దాంతోపాటే ఉచితంగా ఒక ఎడిటర్ కూడా వస్తుంది, దాని పేరు ఐడిల్. పెద్ద పెద్ద ఎడిటర్లు చాలా ఉన్నాయి గానీ మా గదిలో ఉన్న పాత కంప్యూటర్లకి ఐడిల్ సరిపోతుంది. వేరేగా ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఐడిల్ మామూలుగా వేసే రంగులు ఇవి. ఆజ్ఞలు నారింజ. పైథాన్‌లో ముందే ఉన్న పనిముట్లు ఊదా. మనం పేరు పెట్టి తయారుచేసుకున్న పనులు నీలం. కోట్స్‌లో పెట్టిన మాటలు ఆకుపచ్చ. మన గుర్తుకోసం రాసుకున్నవి, అంటే కామెంట్లు, ఎరుపు.

ఆఖరి రెండూ ఇంకోసారి చదవండి. ఆకుపచ్చ, ఎరుపు. నాకు ఆ రెండూ ఒకటే రంగు. ఆర్యపల్లి సముద్రం ఒడ్డున కెరటం వెనక్కి పోయాక తడిసిన ఇసుక ఉంటుంది చూడండి, రెండూ ఆ రంగే. ఒకటి కాస్త ముదురు, ఒకటి కాస్త లేత, అంతకంటే తేడా కనిపించదు.

మాకు కంప్యూటర్ ఒక్కొక్కటీ ఇద్దరికి. నాకు, నా పక్క కుర్చీ స్నేహితుడికి ఏడో నంబరు వచ్చింది. ఒకరోజు సార్ వెనక నుంచి వచ్చి మా స్క్రీన్ చూసి, "బాగుంది. ఆ ఎర్ర లైన్లు తీసెయ్యండి, పచ్చవి ఉంచండి" అని చెప్పి ముందుకి వెళ్ళిపోయారు. ఆ రోజు కీబోర్డు నా చేతిలో ఉంది. పన్నెండు లైన్లు ఉన్నాయి. నేను చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని వాడి వైపు చూశాను. వాడు ఏమీ అడక్కుండా స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇది, ఇది, ఇంకా ఇది" అని చూపించాడు. వాడికి నా సంగతి తొమ్మిదో తరగతి నుంచే తెలుసు.

ఇక్కడ ఒక మాట. మన తెలుగులో "పచ్చ" అనే మాట నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది కూడా నాలాగే కలిపేస్తుంది. ఆకు పచ్చే, పసుపూ పచ్చే. అమ్మమ్మ "పచ్చటి పసుపు" అంటుంది, "పచ్చటి చేను" కూడా అంటుంది. ఏ పచ్చ అని ఎవరైనా అడిగితే మళ్ళీ ఆకు అనో పసుపు అనో ముందు తగిలించాలి. నాకు పసుపు మాత్రం బాగానే తెలుస్తుంది, నీలం కూడా. గొడవంతా ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్యనే.

తొమ్మిదో తరగతిలో మా బడికి కళ్ళ పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. చుక్కల బొమ్మలున్న పుస్తకం ఒకటి తెచ్చారు. ఆ పుస్తకం తయారుచేసింది జపాన్ డాక్టరు షినోబు ఇషిహారా, 1917లో. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాక్కుని ఉంటుంది. మొదటి పేజీలో 12 ఉంటుంది, అది అందరికీ కనిపిస్తుంది. ధైర్యం చెప్పడానికి పెట్టినట్టున్నారు. తరవాత ఒక పేజీలో నా ముందున్నవాళ్ళందరూ 74 అన్నారు. నాకు అక్కడ 21 కనిపించింది. గట్టిగా 21 అన్నాను. పరీక్ష చేసే అక్క నవ్వలేదు, ఇంకో నాలుగు పేజీలు తిప్పి, కాగితం మీద ఏదో రాసి, ఇంట్లో పెద్దవాళ్ళతో బరంపురంలో డాక్టర్‌కి చూపించుకోమంది.

మా ఇంట్లో దీనికి వేరే అర్థం ఉంది. మా నాన్న రైల్వేలో కీమేన్. హౌరా నుంచి చెన్నై వెళ్ళే పెద్ద లైను మా ఛత్రపూర్ మీదుగానే పోతుంది. నాన్న తెల్లారకముందే బయల్దేరి తన బీటంతా నడుస్తాడు. పట్టాని పట్టుకుని ఉండే క్లిప్పులు ఊడాయా, బోల్టులు వదులయ్యాయా, పట్టాలో ఎక్కడైనా పగులు వచ్చిందా చూస్తాడు. భుజం మీద సుత్తి, స్పానర్, చేతిలో చుట్టిపెట్టిన రెండు జెండాలు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. చిన్నప్పుడు నేను ఆ జెండాలతో ఆడుకుంటుంటే నాన్న, "ఏదిరా ఆగమనేది?" అని అడిగేవాడు. ఎర్ర జెండా కర్ర పైన కాస్త చీలి ఉండేది. నేను చీలిన కర్ర తీసి చూపించేవాణ్ని. నాన్న సంబరపడిపోయేవాడు.

నేను ఇంజను నడపాలని నాన్న కోరిక. "మేము పట్టాలు చూసుకుంటాం, మావాడు బండి చూసుకుంటాడు" అని గ్యాంగులో అందరికీ చెప్పేశాడు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రాతపరీక్ష ఎంత బాగా రాసినా, మెడికల్‌లో రంగుల పరీక్ష ఉంటుంది. వాళ్ళూ ఇషిహారా పుస్తకమే తిప్పుతారు. అందులో తప్పితే అక్కడితో సరి. అది అన్యాయమని నేను అనను. సిగ్నల్ స్తంభం మీద కింద ఉండే దీపం ఎరుపు, దాని పైది పసుపు, ఆ పైది ఆకుపచ్చ అని నాన్న చెప్పాడు కాబట్టి పగలు దగ్గర్నించి అయితే స్థానాన్ని బట్టి నేనూ చెప్పగలను. కానీ చీకట్లో కిలోమీటరు అవతల ఒక్క దీపమే కనిపిస్తుంది. అది కిందదో పైదో చూడ్డానికి స్తంభం కనపడదు. వెనక పెట్టెల్లో వెయ్యి మందికి పైగా పడుకుని ఉంటారు.

బరంపురం నుంచి తిరిగొచ్చే బస్సులో నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. డాక్టర్ గారు చెప్పింది రెండు ముక్కలే. ఇది జబ్బు కాదు, పెరగదు, తగ్గదు, మందు లేదు. అమ్మ వైపు నుంచి వస్తుంది. ఆ రెండో ముక్క మా నాయనమ్మ చెవిన పడ్డాక ఇంట్లో కొన్నాళ్ళు బాగాలేదు. అమ్మ పైకి ఏమీ అనేది కాదు, వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం ఎక్కువయ్యేది.

నేను మా జీవశాస్త్రం పుస్తకం తీసి నాయనమ్మకి చెప్పడానికి ప్రయత్నించాను. ఈ లక్షణం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకి ఎక్స్ ఒక్కటే, అది అమ్మ నుంచే వస్తుంది. ఆడవాళ్ళకి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఒకదానిలో లోపం ఉన్నా రెండోది కాపాడుతుంది. అందుకే ఇది ఆడవాళ్ళలో చాలా అరుదు. అమ్మకి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆ అమ్మకి పుట్టిన మగపిల్లాడికి రావడానికి, రాకపోవడానికి సగం సగం అవకాశం. నాకు వచ్చింది, తమ్ముడికి రాలేదు. బొమ్మా బొరుసూ వేసినట్టు. నాయనమ్మ అంతా విని, "అయితే మీ తాతదన్నమాట" అంది. అప్పటినుంచి అమ్మ మీద కోపం తాతయ్య మీదికి మారింది. తాతయ్య బరంపురంలో ఉంటాడు కాబట్టి ఆయనకి ఏమీ ఇబ్బంది లేదు.

తాతయ్య పట్టు నేస్తాడు. ఇప్పుడు నేయలేడు గానీ నలభై ఏళ్ళు నేశాడు. బరంపురం పట్టు చీరలకి అంచు మీద గుడి గోపురాల్లా వరసగా బొమ్మలు ఉంటాయి, దాన్ని ఫోడా కుంభ అంటారు. నేసేవాళ్ళలో మా తెలుగు దేవాంగుల కుటుంబాలు చాలా ఉన్నాయి. రంగులు తెలియకుండా నలభై ఏళ్ళు చీరలు ఎలా నేశావు తాతయ్యా అని అడిగాను. ఆయన మగ్గం పక్కన గోడకి కొట్టిన మేకులు చూపించాడు. ఏ రంగు కండె ఏ మేకుకి అని అమ్మమ్మ పెట్టేది. చిలపలకి కొసన ముడి ఉండేది. ఎరుపుకి ఒక ముడి, ఆకుపచ్చకి రెండు. "అంతేరా, ఇంకేటుంది" అన్నాడు. పెద్దదేదో చెబుతాడేమోనని ఎదురు చూశాను, ఏమీ లేదు, పొడుం డబ్బా తీసుకున్నాడు.

తరవాత చదివితే తెలిసింది, రైల్వేల్లో రంగుల పరీక్ష నూలు చిలపలతోనే మొదలైందట. 1875లో స్వీడన్‌లో లాగర్లుండా దగ్గర రెండు రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. సిగ్నల్ రంగు పోల్చుకోలేకపోవడం ఇందుకు కారణమేమోనని ఆయనకి అనుమానం వచ్చింది. రకరకాల రంగుల ఉన్ని చిలపలు కుప్పపోసి, రైల్వేవాళ్ళని ఒకటి చూపించి దానిలాంటివి ఏరమన్నాడు. కొందరు ఎరుపుతో ఆకుపచ్చ కలిపి ఏరారు. వాళ్ళకే అంతవరకు ఆ సంగతి తెలియదు. ఇంగ్లండ్‌లో జాన్ డాల్టన్ కథ ఇంకా ముందుది. మనం పరమాణు సిద్ధాంతంలో చదువుకునే డాల్టనే. తనకి రంగులు వేరేగా కనిపిస్తున్నాయని 1794లో వ్యాసం చదివాడు. తన కళ్ళలోపల నీలం నీళ్ళు ఉన్నాయేమో, చనిపోయాక తీసి చూడమన్నాడు. 1844లో ఆయన పోయాక చూశారు, నీళ్ళు మామూలుగానే ఉన్నాయి. దాచిపెట్టిన ఆ కంటి ముక్కని 1995లో జన్యు పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడింది. నూట యాభై ఏళ్ళు ఒక మనిషి ప్రశ్నకి జవాబు రాకుండా ఉండిపోయింది. ఇది తెలిశాక నాకు డాల్టన్ పాఠం ముందుకంటే ఇష్టమైంది.

ఇక ఏడో నంబరు కంప్యూటర్ సంగతికి వస్తాను.

సార్‌కి నా విషయం నేనే వెళ్ళి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే రంగులు ఆపెయ్యి. కంట్రోల్ పట్టుకుని స్లాష్ కొట్టు" అన్నారు. నిజంగానే ఐడిల్‌లో దానికి ఒక షార్ట్‌కట్ ఉంది. ఆటో కలరింగ్‌ని ఆపడానికి, మళ్ళీ పెట్టడానికి అదే మీట. నేను కొట్టాను. ఏమీ జరగలేదు. మళ్ళీ కొట్టాను. ఏమీ లేదు. నా స్నేహితుడు "కీ పోయిందిరా" అన్నాడు.

కీ పోలేదు. ఆ మీట చేసే పని మేం అనుకున్నది కాదు. అప్పటికే వేసిన రంగుల్ని అది తుడవదు. ఇకమీదట కొత్తగా రాసేవాటికి వెయ్యకుండా ఊరుకుంటుంది, అంతే. గోడకి సున్నం వేసేవాణ్ని ఆగమంటే ఆగుతాడు గానీ వేసిన సున్నం గీకడు కదా. అది కనిపెట్టడానికి మాకు ఒక పీరియడ్ పట్టింది. మీట కొట్టి కింద కొత్త లైను రాస్తే నల్లగా వచ్చింది. మళ్ళీ కొట్టగానే అదికూడా రంగులోకి వచ్చేసింది. దీనివల్ల వింత సౌకర్యం ఒకటి దొరికింది. నా వంతు వచ్చినప్పుడు నేను ఆపి రాస్తాను, వాడి వంతులో వాడు రంగు పెట్టుకునే ముందు, నేను కొత్తగా రాసినవేవో నల్లగా విడిగా ఉంటాయి. ఎవరు ఏ లైను రాశారో సార్‌కి చెప్పడం తేలికైంది.

కంట్రోల్, స్లాష్ రెండూ కీబోర్డుకి చెరో మూల ఉన్నాయి. ఒకే కీబోర్డు ముందు ఇద్దరు కూర్చుంటే ఎడమ చెయ్యి నాది, కుడి చెయ్యి వాడిది అయిపోతోంది. అందుకని మీట మార్చాం. ఆప్షన్స్ మెనూలో కాన్ఫిగర్ ఐడిల్ అని ఉంటుంది. అందులో కీస్ అనే పేజీలో ప్రతి పనికీ ఎదురుగా దాని మీట రాసి ఉంటుంది. టాగుల్ ఆటో కలరింగ్ అనే వరస ఎంచుకుని, కొత్త మీట ఇవ్వమని అడిగితే ఒక చిన్న కిటికీ వస్తుంది. ఎఫ్ 5 ఇవ్వకూడదు, అది ప్రోగ్రాం నడిపే మీట. ఎఫ్ 1 సహాయం. మేం ఎఫ్ 8 ఇచ్చాం. ఐడిల్‌తో వచ్చిన అసలు మీటల పట్టికని అది మార్చనివ్వదు. మీకంటూ ఒక పట్టిక చేసుకోండి, దానికి పేరు పెట్టండి అంటుంది. నాకు ఈ పద్ధతి నచ్చింది. అసలుది ఎప్పటికీ భద్రంగా ఉంటుంది, ఎవరికి కావాలంటే వాళ్ళు వెనక్కి వెళ్ళిపోవచ్చు. పేరు ఏం పెట్టాలని కాసేపు వాదించుకుని "ఏడు" అని పెట్టాం.

అయితే ఎఫ్ 8 వల్ల రాయడం బాగుపడింది గానీ చదవడం బాగుపడలేదు. దాచిన ఫైలు మళ్ళీ తెరిస్తే మొత్తం రంగులతోనే తెరుచుకుంటుంది. కాబట్టి రంగులే మార్చాలి. అదే కిటికీలో హైలైట్స్ అనే పేజీ ఉంది. ఒక్కో రకం మాటకి అక్షరం రంగు వేరు, వెనక రంగు వేరు ఎంచుకోవచ్చు. ఇక్కడ మా ఇద్దరికీ యుద్ధం జరిగింది. వాడికి పాత రంగులంటే ఇష్టం. నేను కోట్స్‌లో మాటల్ని ముదురు నీలం చేశాను. అప్పుడు పనుల పేర్లు కూడా నీలమే కాబట్టి వాటిని నల్లగా మార్చాల్సి వచ్చింది. కామెంట్లకి అక్షరం నలుపే ఉంచి వెనక లేత పసుపు పూశాను. వాడు చూసి, "ఇదేటిరా, పెళ్ళి శుభలేఖకి పసుపు రాసినట్టుంది" అన్నాడు. నారింజ మాత్రం ముట్టుకోవద్దని షరతు పెట్టాడు. సరే అన్నాను. నాకు పసుపు వెనకాల ఉన్న నల్ల అక్షరాలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. కామెంటు ఏదో ఎవరూ వేలు పెట్టి చూపించక్కర్లేదు.

మర్నాడు వేరే సెక్షన్ వాళ్ళు వచ్చి గొడవ చేశారు. ఏడో నంబరుకి పసుపు పట్టిందని. గదిలో అందరం ఒకే పేరుతో లాగిన్ అవుతాం. ఐడిల్ మన మార్పుల్ని ఆ లాగిన్‌కి చెందిన ఫోల్డర్‌లో దాచుకుంటుంది, కాబట్టి మేం మార్చింది అందరికీ మారింది. సార్ రెండు పక్షాలూ విని, ఏడో నంబరులో నాకూ నా స్నేహితుడికీ వేరే లాగిన్ చేసి ఇచ్చారు. అలా మా రంగులు మాకు, వాళ్ళ రంగులు వాళ్ళకి. ఎఫ్ 8 మాత్రం అందరికీ నచ్చింది, దాన్ని ఉమ్మడి లాగిన్‌లో కూడా పెట్టమన్నారు.

ఇంత కష్టపడి మేం రాసిన ప్రోగ్రాం ఏమిటంటే, తెలుగులో పేరు ఇస్తే ఒడియా అక్షరాల్లో ఇచ్చేది. ఒడిశాలో తెలుగు మీడియంలో చదివేవాళ్ళకి ఇది తమాషా పని కాదు. మా పేర్లు ఇంట్లో తెలుగులో పుడతాయి, కాగితాల మీద ఒడియాలోకి, ఇంగ్లీషులోకి వెళ్తాయి, ఒక్కో కాగితంలో ఒక్కోలా మారతాయి. మా తరగతిలో ఒకమ్మాయి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. వాళ్ళ నాన్న దాన్ని సరిచేయించడానికి కూలి మానుకుని తిరిగాడు. అందుకని వార్షికోత్సవానికి పిల్లల పేర్ల పట్టిక రెండు లిపుల్లోనూ ఒకేలా ఉండాలని సార్ మాకు ఈ పని ఇచ్చారు.

కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. యూనికోడ్‌లో తెలుగు "క" అంకె 3093. ఒడియా "క" అంకె 2837. తీసివేస్తే 256. "మ" తీసుకున్నా 256, "ర" తీసుకున్నా 256, గుడి దీర్ఘం తీసుకున్నా 256. మన భారతీయ లిపుల్ని ఒకే వరసలో పేర్చారు కాబట్టి అలా వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కూడా అంతే. తెలుగు పెట్టుకున్నా ఒడియా పెట్టుకున్నా "క" ఒకే మీట మీద ఉంటుంది, ఒకటి నేర్చుకుంటే రెండోది చేతికి వచ్చేసినట్టే. ఛత్రపూర్ అని ఇచ్చి ప్రతి అక్షరం నుంచి 256 తీసేస్తే ఒడియాలో ఛత్రపూర్ వచ్చింది. గోపాల్‌పూర్ వచ్చింది. మేం కుర్చీల్లోంచి లేచాం.

తరవాత "వెంకట" అని ఇచ్చాం. మధ్యలో ఒక ఖాళీ డబ్బా వచ్చింది. "కొండమ్మ"కీ డబ్బాయే. "పెంటయ్య"కీ డబ్బాయే. కారణం ఒడియా మాస్టారు చెప్పారు. మన పొట్టి ఎ, పొట్టి ఒ ఒడియాలో లేవు. వాళ్ళకి ఏ, ఓ మాత్రమే ఉన్నాయి. అందుకని ఆ వరసలో ఆ రెండిటి చోట్లూ ఖాళీగా వదిలేశారు. మన పేర్లు సరిగ్గా ఆ ఖాళీలో పడుతున్నాయి. ఇంట్లో, వీధిలో పిలుచుకునే పేర్లు ఎన్నిట్లో ఎత్వం, ఒత్వం ఉన్నాయో ఆ రోజే గమనించాను.

దీనికి పరిష్కారం నా స్నేహితుడిది. ఎ పక్క ఇల్లే ఏ, ఒ పక్క ఇల్లే ఓ. కాబట్టి ఎత్వం, ఒత్వం వచ్చినప్పుడు 256 బదులు 255 తియ్యాలి. ఒక్కటి తక్కువ తీస్తే పక్కింటికి చేరతాం. నాలుగు గుర్తులకి ఆ నియమం పెట్టాం. ఆ నాలుగు లైన్ల పైన తెలుగులోనే కామెంటు రాశాను, ఎందుకు 255 అన్నది. ప్రోగ్రాంలో కోట్స్‌లోనూ తెలుగే, కామెంట్లలోనూ తెలుగే. పాత రంగులైతే ఆ పేజీ నాకు మొత్తం తడి ఇసుకే. ఇప్పుడు నీలం నీలంగా, పసుపు పసుపుగా ఉంది.

పట్టిక అచ్చయింది. "వ" ఉన్న పేర్లని మాత్రం ఒడియా మాస్టారు చేత్తో దిద్దారు. ఒడియాలో మామూలుగా అక్కడ "బ" రాస్తారట. ఆ నియమం కూడా ప్రోగ్రాంలో పెట్టాలా వద్దా అని మాలో మాకు ఇంకా తేలలేదు. పెడితే ఒడియావాళ్ళు చదివేలా ఉంటుంది, పెట్టకపోతే మనం పిలిచేలా ఉంటుంది. నా స్నేహితుడు పెట్టాలంటాడు. నేను వద్దంటాను.

నాన్నకి ఒడియా బాగా వచ్చు. పట్టిక ఇంటికి తెస్తే లైటు కింద పెట్టుకుని రెండు వరసలూ వేలితో చదివాడు. మావాడిదే ఈ లెక్క అని గ్యాంగులో చెప్తానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంజను మాట ఈ మధ్య ఎత్తడం లేదు. తమ్ముడు మాత్రం "నేను నడుపుతాలే నాన్నా" అంటున్నాడు. వాడు ఆరో తరగతి. నాన్న వాడికి జెండాలు చూపించి ఏదీ అడగలేదు. నేనే ఒకసారి చూపించాను, చీలిన కర్రని గుడ్డతో కప్పి. వాడు చటుక్కున చెప్పేశాడు.

ఏడో నంబరు పక్కన సార్ ఒక కాగితం అంటించారు, "ఎఫ్ 8: రంగులు" అని. ఇప్పుడు ఏడో తరగతి పిల్లలు కూడా ఆ కంప్యూటర్ మీద నేర్చుకుంటున్నారు. ఆ కాగితం చూసి ఊరికే ఉండలేరు, నొక్కుతారు. రాసింది నల్లగా వస్తుంది. వెంటనే పదో తరగతి గది గుమ్మంలోకి వచ్చి నిలబడతారు.

"అన్నా, కంప్యూటర్‌లో రంగు అయిపోయింది. కొంచెం పొయ్యవా?"